ఒకే బోర్డు, ఒకే చాక్‌పీసు... జీతాలు మాత్రం వేరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ముందుగా మామూలు సంగతులే గుర్తొచ్చాయి. నీళ్ళచారు, చలికాలం దుప్పట్లు, ఆదివారం కోడికూర కోసం అందరికంటే ముందు ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడటం. అవి ప్రతి సంచికలోనూ వస్తాయి. ఈసారి కూడా ఎవరో ఒకరు రాసే ఉంటారు. మేము వేరే సంగతి రాయదలచుకున్నాం. మనకు పాఠం చెప్పిన వాళ్ళ జీతం గురించి.

'మేము' అంటే 2017-18లో ఈ హాస్టల్‌లో ఉండి పదో తరగతి పరీక్ష రాసిన బ్యాచ్. మాలో ఎక్కువమందిమి మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళమే. ఇప్పుడు కొందరం పీజీ పూర్తి చేశాం, కొందరం డీఎస్సీకి చదువుతున్నాం, కొందరం రెండూ వదిలి పనుల్లో పడ్డాం.

మాకు లెక్కలు చెప్పిన సారు విద్యావలంటీరు. ఆ మాటకు అర్థం అప్పుడు మాకు తెలియదు. హెడ్మాస్టరు గదికి చాక్‌పీసుల కోసం వెళ్ళినప్పుడు బల్ల మీద రెండు హాజరు పుస్తకాలు కనిపించేవి. అట్ట ఉన్న పెద్ద రిజిస్టరులో మిగతా సార్లు సంతకం పెట్టేవాళ్ళు. పక్కనే ఉన్న పలుచటి నోటుపుస్తకంలో లెక్కల సారు, హిందీ మేడం పెట్టేవాళ్ళు. కొత్తగా వచ్చిన వాళ్ళకు కొత్త పుస్తకం కాబోలు అనుకున్నాం. సారు మాత్రం సాయంత్రం స్టడీ అవర్‌కు హాస్టల్‌కు కూడా వచ్చేవాడు. సరూప త్రిభుజాలు అర్థం కావట్లేదంటే వరండా గోడ మీదే బొమ్మ గీసి చెప్పాడు. సున్నం వేసేదాకా ఆ గీతలు అట్లాగే ఉన్నాయి. మా బ్యాచ్‌లో లెక్కల్లో తప్పినవాడు ఒక్కడే.

ఆ సంవత్సరం మన రాష్ట్రంలో విద్యావలంటీరుకు ఇచ్చింది నెలకు 12 వేలు. అదే బడిలో అదే లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంటు స్కేలు అప్పుడు 28,940 దగ్గర మొదలయ్యేది. దాని మీద డీఏ, ఇంటి అద్దె, ఏడాదికొక ఇంక్రిమెంటు. వలంటీరుకు ఇవేవీ లేవు. వేసవి సెలవుల్లో జీతమే లేదు. ఆ 12 వేలు కూడా నెలనెలా రావు, మూడు నాలుగు నెలలకొకసారి పడతాయి. సారు డిగ్రీ, బీఈడీ, టెట్ అన్నీ ఉన్నవాడే. చదువులో తక్కువ లేదు, పనిలో తక్కువ లేదు. తేడా ఉన్నదల్లా నియామకపు కాగితంలో. జీతాన్ని తేల్చింది ఆ కాగితమే.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ విద్యాసంవత్సరానికి రాష్ట్రంలో విద్యావలంటీర్లను మళ్ళీ తీసుకోలేదు. తొలగించామని ఎవరూ చెప్పలేదు, ఉత్తర్వు రాలేదు. రెన్యువల్ కాలేదు, అంతే. ఉద్యోగ భద్రత లేకపోవడం అంటే ఇదేనని మాకు ఆ రోజు తెలిసింది. పంపించడానికి కాగితం కూడా అక్కర లేదు! ఆ తరువాతి సంవత్సరం పత్తి సీజన్‌లో మాలో ఒకడు వాళ్ళ నాయనతో కలిసి జిన్నింగ్ మిల్లుకు పత్తి బండి తోలుకుపోతే, కాంటా దగ్గర కూర్చొని చీటీలు రాస్తూ సారు కనిపించాడు. "ఏం సార్, ఈడున్నరు?" అంటే, "ఈడ నెలకు నెల పైసలొస్తయి రా" అన్నాడట. మా వాడికి నోట మాట రాలేదు.

ఇది ఒక్క సారు కథ అయితే ఇంత పొడుగున రాయనవసరం లేదు. ఈ పద్ధతికి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1980లలో ఉమ్మడి రాష్ట్రంలో స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయల మీద పెట్టుకున్నారు. ఇప్పటికీ పాత సార్లు వాళ్ళను '398 టీచర్లు' అనే పిలుస్తారు. మనిషికి జీతమే ఇంటి పేరైంది. ఆ కాలపు సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్లు కావాలని వాళ్ళు దశాబ్దాల తరబడి తిరిగారు. తరువాత అప్రెంటిస్ విధానం వచ్చింది. డీఎస్సీ రాసి, ర్యాంకు తెచ్చుకొని, రోస్టరు ప్రకారం ఎంపికైన వాళ్ళనే మొదటి రెండేళ్ళు గౌరవ వేతనం మీద ఉంచారు. 1990ల చివర విద్యావలంటీర్లు వచ్చారు. ఆ పైన కాంట్రాక్టు, పార్ట్ టైమ్, గెస్టు, అవుట్‌సోర్సింగ్... పేర్లు మారుతూ వచ్చాయి.

పర్మనెంటు ఉద్యోగంలో కూడా మెట్లు పెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ తీసేసి కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం పెట్టారు. బేసిక్, డీఏల మీద నూటికి పది ఉద్యోగి జీతంలోంచి పోతుంది. 2003 డీఎస్సీ వాళ్ళ సంగతి చూడండి. నోటిఫికేషన్ ఆ తేదీకి ముందే వచ్చింది, నియామకాలు 2005లో జరిగాయి. జాప్యం చేసింది ప్రభుత్వం, పెన్షన్ పోగొట్టుకున్నది టీచర్లు.

అన్నింటికంటే విడ్డూరమైనది 'మినిమమ్ టైమ్ స్కేల్'. 1998 డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం రానివాళ్ళు పాతికేళ్ళు పోరాడితే, 2023లో ఆంధ్రప్రదేశ్‌లో వేలమందికి పోస్టింగు ఇచ్చారు. అప్పటికే చాలామందికి యాభై దాటింది. ఇచ్చింది కాంట్రాక్టు మీద, ఎస్జీటీ స్కేలులోని మొదటి అంకె 32,670కి. మన దగ్గర 2008 డీఎస్సీ అభ్యర్థులకు 2025లో 31,040కి ఇచ్చారు, అదీ కాంట్రాక్టే. స్కేలు అంటే నిచ్చెన. వీళ్ళకు మొదటి మెట్టు మీద నిలబడే హక్కు ఇచ్చి పై మెట్లు తీసేశారు. పక్క గదిలో ఉన్న రెగ్యులర్ ఎస్జీటీ ఏటా ఒక ఇంక్రిమెంటు ఎక్కుతాడు. 6, 12, 18, 24 ఏళ్ళకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంటు స్కేళ్ళు పొందుతాడు. మొదటి నెలలో చిన్నగా కనిపించే తేడా ఇరవై ఏళ్ళలో ఒక ఇల్లంత అవుతుంది, ఒక బిడ్డ ఇంజనీరింగ్ చదువంత అవుతుంది.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. దాన్ని దాటవేస్తే మేము నిజాయితీగా రాసినట్లు కాదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే ఒక పరిశీలన చేశారు. లాటరీ పద్ధతిలో ఎంచిన 100 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు అదనంగా ఒక్కొక్క కాంట్రాక్టు టీచరును ఇచ్చి రెండేళ్ళు చూశారు. ఆ బడుల పిల్లలు మిగతా బడుల పిల్లలకంటే మెరుగయ్యారు. కాంట్రాక్టు టీచర్లు బడి ఎగ్గొట్టడం రెగ్యులర్ టీచర్లకంటే తక్కువని తేలింది. వాళ్ళ జీతం రెగ్యులర్ జీతంలో ఐదో వంతు. దీన్ని పట్టుకొని 'చూశారా, భద్రత ఇస్తే పని చేయరు, చవకగా పెట్టుకుంటేనే పని జరుగుతుంది' అనేవాళ్ళు ఉన్నారు.

మేము ఆ పరిశోధనను కాదనడం లేదు. నిజానికి మా లెక్కల సారు అందులో చెప్పినట్లే ఉన్నాడు. పర్మనెంటు సార్లలో కుర్చీలో కునుకు తీసినవాళ్ళను, బ్యాంకు పని అని పదకొండింటికి వెళ్ళి మళ్ళీ కనిపించనివాళ్ళను మేము చూశాం. (అదే పర్మనెంటు సార్లలో ఒకరు మాలో ముగ్గురికి ఇంటర్ ఫీజు కట్టారు. ఆయన పేరు రాయవద్దన్నారు.) కానీ ఐదో వంతు జీతానికి అంతే పని జరిగిందంటే, మిగతా నాలుగు వంతులు ఆ మనిషికి బాకీ ఉన్నట్లా, లేక అందరికీ ఐదో వంతే చాలన్నట్లా? లెక్క ఒకటే, జవాబు మాత్రం ఎటువైపు నిలబడి చూస్తున్నామనే దాన్ని బట్టి వస్తుంది. ఇంకొక మాట. రెండేళ్ళు వేరు, పదిహేనేళ్ళు వేరు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు అమ్మానాన్నల ఇంట్లో తింటూ, రేపు డీఎస్సీ వస్తుందన్న ఆశతో రెండేళ్ళు తక్కువ జీతానికి బాగా చెప్పగలడు. నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆశ కూడా ఇంకిపోయాక ఎట్లా చెప్పగలడు? సారు మిల్లుకు పోయింది చదువు చెప్పడం ఇష్టం లేక కాదు.

భద్రత లేనిచోట నోరు కూడా ఉండదు. మాకు హిందీ చెప్పిన మేడం ఏడో నెల గర్భంతో ఉన్నప్పుడు సెలవు అడగాలంటే భయపడింది. చివరికి మానేసింది. కాన్పు తరువాత వచ్చేసరికి ఆ చోటు నిండిపోయింది. మధ్యాహ్న భోజనంలో పురుగులు వస్తే పర్మనెంటు సారు గొడవ పెట్టుకోగలడు, వలంటీరు పెట్టుకోలేడు. మార్చి తరువాత జూన్‌లో తన పేరు ఉండాలి కదా! మన తరఫున మాట్లాడాల్సిన గొంతును కూడా ఈ పద్ధతి చవకగా కొనేస్తుంది.

మరొక నష్టం పైకి కనిపించదు. ప్రభుత్వం తన బడిలో ఇచ్చే అతి తక్కువ జీతం ఊరు మొత్తానికీ రేటు అవుతుంది. మాలో ఒకమ్మాయి (మా బ్యాచ్‌మేట్ చెల్లెలు, గర్ల్స్ హాస్టల్‌లో చదివింది) బీఈడీ చేసి టౌన్‌లో ఒక ప్రైవేటు బడికి వెళితే, ఆ కరస్పాండెంటు ఏడు వేలన్నాడు. ఇంత తక్కువా అంటే, "గవర్నమెంటే వలంటీర్లకు పన్నెండు ఇచ్చింది, మేమెంత ఇయ్యాలె తల్లీ?" అన్నాడట. ఆయనకు ఆ అంకెను అందించింది ఎవరు?

కోర్టుల సంగతి కొంచెం చెప్పాలి. తమ్ముళ్ళలో గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు పనికొస్తుంది కూడా. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, దొడ్డిదారిన వచ్చిన తాత్కాలిక ఉద్యోగులకు పర్మనెంటు చేయమని అడిగే హక్కు లేదని చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగం అందరికీ తెరిచి ఉండాలి, రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు అవే చెబుతున్నాయి అన్నది దాని సారాంశం. 2016లో పంజాబ్ ఉద్యోగి జగ్‌జీత్ సింగ్ తదితరుల కేసులో అదే కోర్టు, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ రెండూ కలిపి చదివితే మాకు దారి కనిపించింది. అయితే 2019లో బీహార్‌లోని మూడున్నర లక్షలమంది నియోజిత టీచర్ల విషయానికి వచ్చేసరికి, వాళ్ళ నియామక పద్ధతి వేరు, కేడరు వేరు అని సమాన వేతనాన్ని నిరాకరించింది. తరువాత బీహార్ ప్రభుత్వమే సామర్థ్య పరీక్ష పెట్టి, 2024 నుంచి నెగ్గినవాళ్ళను రాష్ట్ర టీచర్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. అంటే మనసుంటే మార్గం ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. దీని మీద మా గదిలో ఒక రాత్రంతా కొట్లాట అయింది. డీఎస్సీకి చదివే మిత్రుడు అన్నాడు: "వాళ్ళందర్నీ ఉన్నదున్నట్టు రెగ్యులర్ చేస్తే నోటిఫికేషన్‌ల ఏం మిగుల్తది? మన రోస్టర్ పాయింట్లు ఎటు పోవాలె?" వాడు అన్నదాంట్లో నూటికి నూరుపాళ్ళు న్యాయం ఉంది. మనలాంటి హాస్టల్ పిల్లలకు సర్కారు కొలువు దాకా ఉన్న ఒకే ఒక్క బాట నోటిఫికేషన్, రాతపరీక్ష, రోస్టరు. ఎవరి సిఫారసూ లేనివాడికి అదే సిఫారసు. 2023 ఏప్రిల్ 30న రాష్ట్రంలో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేశారు, అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. వాళ్ళ ఇళ్ళలో పండగైంది, కాదనం. దశాబ్దాల చాకిరీ ఊరికే పోకూడదు. కానీ అదే రోజు ఆ పోస్టుల కోసం పీజీ చేసి కూర్చున్నవాళ్ళ గదుల్లో దీపం ఆరింది. 2024 నవంబరులో హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది, అప్పటికే రెగ్యులర్ అయినవాళ్ళను మాత్రం కదిలించలేదు.

మరి మేము ఎటు? ఉద్యోగ భద్రత ఎవరికి అన్నది పరీక్షతో, రోస్టరుతో తేలాలి. పనిచేసిన నెలకు జీతం ఎంత అన్నది ఆ పనితో తేలాలి. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి ఉంచారు కాబట్టే, జీతం అడిగిన కాంట్రాక్టు సారుకూ, పోస్టు అడిగిన నిరుద్యోగికీ మధ్య తగవు పడుతోంది. వాళ్ళిద్దరూ ఒకే హాస్టల్‌లో తిన్నవాళ్ళే అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితి వచ్చింది. ముడి విప్పితే తగవు చాలావరకు పోతుంది. ఇవాళ బోర్డు ముందు నిలబడినవాడు ఏ పేరుతో వచ్చినా సరే, ఇవాళ్టి నుంచే స్కేలులోని కనీస వేతనం, డీఏ, పన్నెండు నెలలూ జీతం, ఆడవాళ్ళకు ప్రసూతి సెలవు. పోస్టులకు మాత్రం ఏటా డీఎస్సీ, రోస్టరు తప్పకుండా. అందులో బడిలో పనిచేసిన ప్రతి సంవత్సరానికీ కొన్ని మార్కుల వెయిటేజీ. మన డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20. పదేళ్ళు పాఠం చెప్పిన అనుభవానికి సున్నా.

జీతం సమానమైతే ఇంకొకటి కూడా జరుగుతుంది, మాకు అదే ముఖ్యం. చవక టీచరు దొరుకుతున్నంతకాలం ప్రభుత్వానికి నోటిఫికేషన్ ఇవ్వాల్సిన తొందర ఉండదు. రాష్ట్రం వచ్చాక 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చింది. తరువాత 2023లో 5,089 అన్నారు, రద్దు చేశారు. 2024లో 11,062 పోస్టులకు పరీక్ష జరిగింది. 2017కూ 2024కూ మధ్య మా బ్యాచ్ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ అన్నీ దాటేసింది! ఏ బడిలోనైనా టీచరు ఖాళీలు నూటికి పదికి మించరాదని 2009 విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. ఆ ఖాళీలను వలంటీర్లతో, సర్దుబాట్లతో కప్పిపెట్టినన్నాళ్ళూ అవి ఖాళీలుగా ఎవరికీ కనిపించవు. తాత్కాలిక టీచరుకూ అంతే జీతం ఇవ్వాల్సి వస్తే, తాత్కాలికంగా ఉంచుకోవడంలో లాభం ఉండదు.

డబ్బెక్కడిది అని అడుగుతారు. అడగనీ. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగి, 2025 జనవరి దాకా బయటే ఉన్నారు. కస్తూర్బా విద్యాలయాల్లో మన చెల్లెళ్ళకు పాఠాలు ఆగాయి. పదో తరగతి పరీక్షల ముందు పోయిన ఆ రోజుల ఖరీదు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాయరు కాబట్టి, అది ఖర్చు కింద లెక్కకు రాదు.

చివరగా మన ఇంటి మాట. మన హాస్టళ్ళలో సాయంత్రం ట్యూటర్లు ఉన్నారు చూశారా, వాళ్ళు ఈ నిచ్చెనలో మొదటి మెట్టుకు కూడా కింద, నేల మీద ఉన్నారు. పీజీ చదువుతూ మాలో ఇద్దరం ఒక సంవత్సరం ట్యూటర్లుగా చేశాం. నెలకు ఇచ్చింది రెండు వేల లోపే, అదీ బడ్జెట్ వచ్చినప్పుడు. వార్డెన్ గారు తన జేబులోంచి ఇచ్చిన నెలలూ ఉన్నాయి. పెట్రోలు తీసేస్తే మిగిలేది టీ ఖర్చు. అయినా వెళ్ళాం, ఎందుకంటే ఒకప్పుడు మా కోసం ఒకరు అట్లాగే వచ్చారు. కానీ ఈ అభిమానం మీద లెక్క కట్టి బడ్జెట్ వేయడం న్యాయమా? పూర్వ విద్యార్థుల సంఘం ఈసారి వార్షికోత్సవంలో చేసే తీర్మానాల్లో కొత్త ఫ్యాన్లతో పాటు ట్యూటర్ల వేతనం కూడా ఒకటి ఉండాలని కోరుతున్నాం. ముసాయిదా మేము రాసి తెస్తాం.

లెక్కల సారు 2024లో డీఎస్సీ రాశాడు. వయసు పరిమితికి ఇంకా రెండేళ్ళుంది. హాల్‌టికెట్ ప్రింటు తీసిచ్చింది మేమే. పరీక్ష ఆన్‌లైన్‌లో. మౌసు సరిగా అలవాటు లేదని ముందురోజు మా దగ్గర కూర్చొని గంటసేపు నేర్చుకున్నాడు. రాలేదు. కొద్ది మార్కుల్లో పోయింది. ఈ వార్షికోత్సవానికి రమ్మని అడిగితే ఆదివారం పెట్టుకోండి రా అన్నాడు. మిగతా రోజుల్లో వస్తే మిల్లులో ఆ రోజు కూలి కట్ అవుతుందట. తేదీ ఇంకా ఖరారు కాలేదని విన్నాం. తమ్ముళ్ళూ, కుదిరితే ఆదివారమే పెట్టండి.